రక్తం వచ్చేచోట తోమనివాడు

మా బావమరిది పత్తి గింజను కొరికి, ఆ చప్పుడును బట్టి తేమ ఎంతో చెప్పేవాడు. అంత పనికొచ్చే పళ్ళను చూసుకోవడం మాత్రం తెలియదు. చిగుళ్ళలో రక్తం కనిపిస్తే ఆ వైపు తోమడమే మానేసేవాడు.

“పుండును గీకుతామా బావా?”

విసిగిపోయి గుంటూరులో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ అతని పంటి పాచిని మైక్రోస్కోపు కింద పెట్టి, లుకలుకలాడే బ్యాక్టీరియాను తెర మీద చూపించింది.

“మీరు తోమనిచోటే ఇవి పేరుకుంటాయండీ. ఇవి ఎంత పెరిగితే చిగుళ్ళ జబ్బు అంత ముదురుతుంది. చివరికి పన్నే ఊడుతుంది.”

మావాడు చేనులో పురుగును చూసినట్టు ముందుకు వంగాడు. “ఏం మందు కొట్టమంటారు?”

“మందు కాదండీ, రోజూ మెల్లగా తోమండి.”

“మందు రాయని డాక్టరేం డాక్టరు!” అని దారంతా సణిగాడు. తోమితేగా!

ఆ వైపు పన్ను ఊడిన రోజు గెలిచినవాడిలా ఫోను చేశాడు. “ఇక అక్కడ తోమే పనే లేదు బావా!”