నాలుగు మేకలు ఎక్కువ

నా చిన్నప్పుడు నేను చేసిన బేరాల్లో అన్నిటికంటే చెత్తది ఏదని అడిగితే, కాస్త ఛాతీ విరుచుకునే చెబుతాను. ఒక మేకల వ్యాపారికి, అతను అడక్కుండానే, లారీలో నాలుగు మేకలు ఎక్కువ పట్టించే ఉపాయం చెప్పి, వాటితో పాటు నన్ను కూడా లోపల పెట్టించుకుని గొళ్ళెం వేయించుకున్నాను. ఖరగ్‌పూర్‌లో కొట్టు పెట్టి బతికిన మా ఇంట్లో అంతటి తెలివైనవాడు అంతకుముందు పుట్టలేదు.

మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరాడు. మా నాన్నకు ఆ ఇనుము పని పడక ఆ ఊళ్ళోనే సుభాష్‌పల్లిలో కిరాణా కొట్టు పెట్టాడు. నేను బస్తాల మధ్య పెరిగాను. పప్పు బస్తా నిండిపోయిందనుకున్నాక ఎత్తి నేలకు కుదేస్తే ఇంకాస్త పడుతుందని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నిండింది అనే మాటను మా ఇంట్లో ఎవరూ ఒక్కసారికే నమ్మరు.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, మేకల లారీ నడిపేవాడు. పల్లెల్లో సంత జరిగే రోజున వెళ్ళి, వ్యాపారి కొన్న మేకలను ఎక్కించుకొచ్చి ఊళ్ళో మార్కెట్ దగ్గర దింపడం ఆయన పని. నాకేమో ఆ స్టీరింగ్ మీద కన్ను. వేసవి సెలవుల్లో ఆయన్ను సతాయించి, చివరికి ఒక సంతకు వెంట తీసుకెళ్ళేలా చేసుకున్నాను. వెళ్ళేటప్పుడు కిటికీ పక్క సీటు నాదే. ఎదురొచ్చిన ప్రతి బస్సునూ నేనే తప్పించినంత గొప్పగా కూర్చున్నాను.

సంతలో మేకలను ఎక్కిస్తూ ఉండగా, ఒక చోటికి వచ్చేసరికి మావయ్య చెయ్యెత్తి చాలన్నాడు. కింద ఇంకా నాలుగు మిగిలాయి. వ్యాపారి, అందరం దాదా, అంటే అన్న, అని పిలిచే ఒక బెంగాలీ, వాటిని చూసి మూతి ముడుచుకున్నాడు. నేను చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి లోపలికి తొంగి చూశాను. మేకకూ మేకకూ మధ్య సందులు కనిపించాయి. సందు అంటే మా కొట్టులో నష్టం కిందే లెక్క.

"మావా, ముందరున్నవి కొంచెం జరిపితే ఇవి కూడా పట్టేస్తాయి" అని అరిచాను. మావయ్య ఒక్కడే వింటే సరిపోదన్నట్టు అదే ముక్క బెంగాలీలో కూడా చెప్పాను. దాదా మొహం వెలిగిపోయింది. "బాః! పాకా దోకాన్‌దార్!" అని నా వీపు తట్టాడు. ముదురు కొట్టువాడినని ఆయన మెచ్చుకోలు.

మావయ్య వద్దన్నాడు. కిరాయి ఇచ్చేది ఎవరని దాదా అడిగాడు. మావయ్య "ఠీక్ హై దాదా, ఎక్కించు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఒరే గుంటడా, సోటుందన్నావు కదా. అయితే నీకూ ఉంటాది. ఎనకాలెక్కు."

"నానెక్కాలా? మరి నా కిటికీ సీటు?"

"అందులో దాదా కూకుంటాడు. నువ్వు సూపించిన సోట్లో నువ్వు నిలబడు."

నేను ఎక్కాను. వెనక చెక్క వేసి గొళ్ళెం బిగించారు. బండి కదులుతున్నంతసేపూ బాగానే ఉంది. పై నుంచి గాలి తగిలేది, మేకల వెచ్చటి డొక్కలు మోకాళ్ళకు ఆనుకునేవి. ఇదేమంత కష్టమని కూడా అనుకున్నాను. పూరీ గేట్ దగ్గర రైలు పట్టాల ముందు రోడ్డుకు అడ్డంగా గేటు వేసి ఉంది. బండి ఆగింది. గాలీ ఆగింది.

గూడ్సు బండి ఒకటి వచ్చి గేటు ముందే నిలిచిపోయింది. మా వెనక మరో లారీ వచ్చి ఆగింది. ముందుకు లేదు, వెనక్కు లేదు. ఎండకు ఇనుప గోడలు కాలుతున్నాయి. మేకలు నోళ్ళు తెరిచి ఊపిరి ఎగబీలుస్తున్నాయి. నా పక్కన తెల్ల చెవుల మేక ఒకటి తూలింది. దాని చెవులు కనిపించాయి, తర్వాత కనిపించలేదు. పైన మిగతా మేకల వీపులు కలిసిపోయాయి.

దాన్ని లేపుదామని వంగబోయాను. వంగడానికి చోటు లేదు. మావా, మావా అని అరిచాను. గూడ్సు ఇంజను కూతలో నా గొంతు నాకే వినపడలేదు. ఆఖరికి గోడకు వీపు రాసుకుంటూ ఎలాగో కిందికి జారాను. మేక మెడ చేతికి దొరికింది. ఎత్తబోతే అది లేవలేదు. నేను లేవబోతే నాకూ సాధ్యపడలేదు. నా తల మీద పొట్టలు, నా భుజాల మీద గిట్టలు. మేక ఊపిరి నా చెంపకు తగులుతోంది. నేను ఇంట్లో ఎంతో గొప్పగా చెప్పుకోబోయిన ఆ చోటు అంతా కలిపి అంతే.

కేబిన్ వెనక చిన్న కిటికీ ఉండేది. అందులోంచి నా తల కనిపించడం మానేసేసరికి మావయ్య దూకి వచ్చాడట. చెక్క తెరిచి, అంచునున్న మేకలను కిందికి లాగి, నా చొక్కా పట్టుకుని ఈడ్చాడు. మేకను నేను వదల్లేదు. అది రోడ్డు మీద కూలబడి, కాసేపటికి వణుకుతూ కాళ్ళ మీద నిలబడింది. మావయ్య ఎక్కడి నుంచో బకెట్‌తో నీళ్ళు తెచ్చి ముందు దానికి పెట్టాడు, తర్వాత నాకు.

ఏడుపు దాచుకోవడానికి అడిగాను. "ఎలాగూ కోసేస్తారు కదా మావా, దీనికింత ఎందుకు?"

"కోసినోడి పని కోసినోడిది. అందాకా నిలబెట్టి తీసికెల్లడం మన పని" అన్నాడు. బకెట్ పక్కన పెట్టి, "నాను గట్టిగా వద్దననేదు. అది నా తప్పు. నీకు బుద్ది రావాలని సూసినాను గానీ, దీనికేటి బుద్ది రావాల?" అన్నాడు, తెల్ల చెవుల వైపు చూస్తూ.

దాదా గొణుగుతున్నా వినకుండా మావయ్య ఎక్కువైన నాలుగు మేకలనూ, ఆ తెల్ల చెవులదాన్నీ తాడు కట్టి నా చేతికిచ్చాడు, మార్కెట్ దాకా నడిపించుకు రమ్మని. పంపేముందు నన్ను మళ్ళీ లారీ ఎక్కించి, మేకల మధ్య కూకోమన్నాడు. కూర్చున్నాను. "లెగు" అన్నాడు. లేచాను. "ఇదీ కొలత. పడింది లెగడానికి సోటుండాల."

డ్రైవరుగా నా చదువు ఆ రోజే మొదలైంది, స్టీరింగ్ ముట్టుకోకుండా. తర్వాత జీవితమంతా మేకల బండే నడిపాను. ఎక్కించడం అయ్యాక నేను లోపలికెళ్ళి కూర్చుని లేచేవాణ్ణి. లేవలేకపోతే కొన్నిటిని దింపించేవాణ్ణి. వ్యాపారులు నవ్వేవారు, కొందరు మళ్ళీ పిలిచేవారు కాదు. వయసు మీద పడ్డాక మోకాళ్ళు పట్టేస్తే, లేవలేనిది చోటు లేకనా, నా కీళ్ళ వల్లనా అని వాళ్ళతో తగువు కూడా పడ్డాను.

ఆ తెల్ల చెవుల మేకను ఆ సాయంత్రమే అమ్మేశారు. నేను దానికి సంపాదించి పెట్టింది పూరీ గేట్ నుంచి మార్కెట్ దాకా ఒక నడక, ఒక బకెట్ నీళ్ళు. ఆ రోజు తర్వాత నా బండిలో ఏదీ పడలేదని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ పడ్డాయి, కొన్ని లేవలేదు. వాటిలో కొన్ని రోడ్డు గుంతల ఖాతాలో రాసుకున్నాను, కొన్ని ఎండ ఖాతాలో. మిగిలినవి నా ఖాతాలోనే.