ఊదనివ్వని కొవ్వొత్తి

ఆ వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నది తక్కువ. గోదావరిఖనిలో మాకు రెండు వీధుల అవతలే నా తోడికోడలి క్వార్టర్. ఆమె ఫోన్‌లో చూసి సోయా మైనంతో కొవ్వొత్తులు చేయడం నేర్చుకుంది. పొద్దున టిఫిన్ తినగానే మా పిల్ల అక్కడికే. పోతూ పోతూ నా వంటింట్లోంచి ఒక గాజు సీసా పట్టుకుపోయేది. జామ్ సీసా పోయింది, కాఫీ పొడి సీసా పోయింది. చివరికి మామిడికాయ తొక్కును ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి ఆ సీసానూ కడుక్కుపోయింది. నా తొక్కు ఏమైపోతే ఎవరికి కావాలి?

ఒకరోజు మధ్యాహ్నం పిల్లను అన్నానికి పిలవడానికి వెళ్లాను. పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. అందులో పెట్టిన చిన్న గిన్నెలో మైనం పలుకులు కరుగుతున్నాయి. ఇద్దరూ తలలు ఆనించుకుని, సీసా మూతికి అడ్డంగా చీపురుపుల్లలు పెట్టి వత్తి నిలబెడుతున్నారు.

"అమ్మా, గిది పట్టు" అంది మా పిల్ల. నేను చెయ్యి చాపాను.

"నిన్ను కాదు, చిన్నమ్మను."

నా ఒళ్లు మండిపోయింది. చిన్నమ్మలో 'చిన్న' ఎప్పుడు రాలిపోయిందో నాకెవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆయన ప్రాణం తీసి మైనం తెప్పించాను. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తోడికోడలి కన్నా నాలుగు చుక్కలు ఎక్కువే మల్లె నూనె కలిపి పోయించాను. మర్నాటికి గట్టిపడింది. పిల్ల వెలిగించింది.

"మొదటిసారి పైన మైనమంత కరిగేదాక ఉంచాలె. చిన్నమ్మ చెప్పింది."

కరిగాక ఊదడానికి వంగింది. గబుక్కున దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఊదకు. మీ బాపు ఇంక పైకి రాలే."

మా ఆయన పని భూమి లోపలి బొగ్గుబాయిలో. ఆ వారం మొదటి షిఫ్టు. మనిషి బాయిలో ఉండగా ఇంట్లో దీపాన్ని చేతులారా కొండెక్కించడం మా అత్త దగ్గర లేదు, నా దగ్గరా లేదు. కొవ్వొత్తి దేవుడి దీపం కాదని నాకు తెలుసు. అయినా మనసు ఒప్పలేదు. మరిదిది ఆఫీసు ఉద్యోగం. ఆ ఇంట్లో ఎప్పుడు పడితే అప్పుడు ఊదేస్తారు.

"చిన్నమ్మ ఇంట్ల గివన్ని లేవు" అని పిల్ల మూతి ముడుచుకుని మళ్లీ అక్కడికే పోయింది.

రెండు రోజుల తర్వాత తోడికోడలు నవ్వుకుంటూ వచ్చింది.

"ఏందక్కా, నీ బిడ్డ మా ఇంట్ల గూడ ఊదనిస్తలేదు. బావ డ్యూటీ దిగి వచ్చేదాక ఆగాలెనట. వత్తులు కాలి కాలి సీసాలు సుర్రుమంటున్నయి."

నాకెంత సంబరమైందో చెప్పలేను. నా బిడ్డ నా బిడ్డే. ఆమెకు చక్కెర దండిగా వేసి చాయ్ పెట్టి ఇచ్చాను.

ఆమె వెళ్లిన కాసేపటికి పిల్ల వచ్చింది. వాళ్ల నాన్నది ఏ షిఫ్టో కూడా ఎన్నడూ పట్టించుకోని పిల్ల, చెప్పులు విప్పకుండా వాకిట్లోనే నిలబడి రోడ్డు వైపు చూస్తోంది.

"అమ్మా, బాపు బండి కనపడ్తలేదు. ఫోన్ చేసినవా?"

షిఫ్టు దిగే వేళ ఇంకా కాలేదు. "వస్తడు బిడ్డా" అన్నాను. అది లోపలికి రాలేదు.

ఆ పూట తోడికోడలి మీద కుళ్లుకున్నంతగా నేనెన్నడూ కుళ్లుకోలేదు. ఆ ఇంట్లో ఎవరూ అలా రోడ్డు వైపు చూడరు.