‘ఏమీ లేదు’ అనని మా మేడమ్

మా పెద్ద డాక్టరు మేడమ్ పోయారన్న కబురు మొన్న పొద్దున క్యాజువాలిటీలో ఉండగా తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిందట. అప్పటికి ట్రాక్టర్ మీద నుంచి పడ్డ ఒక పెద్దాయన పొట్ట మీద స్కానింగ్ ప్రోబ్ పెట్టి ఉన్నాను. కళ్ళు తుడుచుకుని ఆ పని పూర్తి చేశాను. సగంలో వదిలేస్తే ఆవిడ పైనుంచైనా తిట్టేవారు.

పొట్టకు దెబ్బ తగిలి వచ్చినవాళ్ళను మంచం పక్కనే అల్ట్రాసౌండ్‌తో చూడటం నాకు నేర్పింది ఆవిడే. లోపల కారిన రక్తం తెర మీద నల్లగా కనిపిస్తుంది. వెల్లకిలా పడుకున్న మనిషిలో అది ఎక్కువగా కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య సందులో చేరుతుంది. “నీరు పల్లమెరుగు అంటారు గదా, ముందు పల్లం వెతుకమ్మా” అనేవారు. మిరప చేలల్లో నీళ్ళు కట్టి పెరిగినదాన్ని, పుస్తకం కంటే ఆ మాటే నా బుర్రకెక్కింది.

ఆవిడకు ఒక్క మాటంటేనే కోపం. స్కాన్ చేసి “ఏమీ లేదు” అన్నామా, మా పని అయిపోయినట్టే. మా వైపు ఆ మాట చెవిన పడటమే ఆలస్యం, బంధువులు చెప్పులు తొడుక్కుని ఆటో పిలిచేస్తారు. “ఇప్పటికి కనపడలేదు” అనే చెప్పాలి, కాసేపాగి మళ్ళీ చూడాలి. ఆవిడ చాదస్తానికి మేమంతా చాటున నవ్వుకునేవాళ్ళం.

మిరపకాయల కాలంలో ఒక మధ్యాహ్నం, ఆటో తిరగబడి కౌలు రైతు ఒకామె వచ్చింది. ఎడమ పక్కటెముకల కింద కమిలింది. స్కాన్‌లో మాత్రం ఏ నలుపూ లేదు. మబ్బు పట్టింది, కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి, పట్టలు కప్పాలి పోతానంటూ మంచం దిగింది. మేడమ్ అడ్డంగా నిలబడ్డారు.

“ఇంకోసారి చూడందే నిన్ను వదలను.”

“కాయలు తడిస్తే నా బతుకేం గానండీ?”

“కాయలు మళ్ళీ పండుతాయి. నువ్వు పండవు గదమ్మా.”

ఆమె భర్తను కల్లానికి తరిమి, తెగులు గురించీ పురుగు మందుల గురించీ అడుగుతూ ఆమెను మాటల్లో పెట్టారు. కాసేపటికి ఆమె నాడి వేగం పెరిగింది. మేడమ్ స్కాన్‌కు ముందు పొట్టకు రాసే జెల్ సీసా తీసుకుని రెండు అరచేతుల మధ్య రుద్దారు. ఎంత హడావుడిలో ఉన్నా దాన్ని అలా వెచ్చబరిచేవారు, దెబ్బ తిన్న పొట్ట చల్లదనానికి ఉలిక్కిపడకూడదని. ఈసారి కాలేయం పక్కన సన్నటి నల్ల చార కనిపించింది. ఎడమ పక్కనున్న ప్లీహం చిట్లి, రక్తం ఆ పల్లానికి చేరింది. వెంటనే ఆపరేషన్ చేశారు, బతికింది. ఆ తర్వాత మేం నవ్వలేదు.

మేడమ్ పోయినా ఆవిడ నియమం పోదు, పోనివ్వను. నేనున్నంత కాలం మా క్యాజువాలిటీలో ఎవ్వరూ “ఏమీ లేదు” అనరు. మొన్న ట్రాక్టర్ పెద్దాయన కూడా ఇంటికి పోతానని నానా గొడవా చేశాడు. ఆయన చేత తిట్లు తిని మరీ ఆపాను, మళ్ళీ చూశాకే మేడమ్ ఇంటికి మంగళగిరి బయల్దేరాను.

అక్కడ మేడమ్‌ను ఇంటి ముందు పడుకోబెట్టారు. ఆనాటి కౌలు రైతు నా కంటే ముందే వచ్చి కూర్చుని ఉంది, చీర నిండా కాయల ఘాటు. పాదాలకు మొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“చల్లగా ఉన్నాయమ్మా” అంది నాతో.

తర్వాత తన రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని, ఆ పాదాలు పట్టుకుని కూర్చుంది.