చర్చిలో హెల్మెట్

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు చావంటే ఉన్నంత భయం మా హెడ్మాస్టరు గారంటే కూడా ఉండేది కాదు. జగ్గయ్యపేట నుంచి నందిగామకు రోజూ బస్సులో వెళ్లి పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. ఆ ఏడాదే మా స్కూల్లో లెక్కల మాస్టారు హైవే మీద బండి జారి పడి, హాస్పిటల్‌కి చేరకుండానే పోయారు. ఆయన హెల్మెట్‌కి గీత కూడా పడలేదు. బండి అద్దానికి తగిలించి ఉంది.

ఆ రోజు నుంచి మనిషి ఎన్ని రకాలుగా ఉన్నట్టుండి పోవచ్చో బస్సులో కూర్చుని బేరీజు వేయడమే నా పని. పిడుగంటారా, వానలో చెట్టు కింద నిలబడకపోతే సరి. కరెంటంటారా, తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకపోతే సరి. (నీళ్లు కాచే హీటర్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ చలికాలమంతా ఇంటిల్లిపాదీ నన్ను తిట్టుకుంటూ చన్నీళ్లు పోసుకున్నారు.) ఎటునుంచి చూసినా చివరికి మా నాన్న బండే పెద్ద గండంగా తేలేది. సిమెంటు ఫ్యాక్టరీకి లారీల మధ్యనుంచి వెళ్లేవాడు, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని. పోలీసులు కనిపిస్తే అది తలమీదకి, వాళ్లని దాటగానే మళ్లీ ట్యాంకు మీదకి. మా ఊళ్లో అందరి పద్ధతీ అదే. చెప్పి చెప్పి విసిగి, నేనే ఒక హెల్మెట్ కొనుక్కుని తలకి పెట్టుకున్నాను.

"నువ్వు పెట్టుకునేదాకా నేనూ తియ్యను నాన్నా!"

"ఉక్కపోస్తే నువ్వే తీసేస్తావులేవే," అని నవ్వాడు.

తియ్యలేదు. బస్సులో కండక్టరు, "ఏం మేడం, మా డ్రైవరు మీద అంత నమ్మకమా?" అన్నాడు. అయినా తియ్యలేదు. ఆదివారం చర్చికి కూడా అలాగే వెళ్లి, హెల్మెట్ మీదనుంచే కొంగు కప్పుకుని ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. పక్కనున్న పెద్దమ్మ తొడ మీద గిల్లింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగారు.

"అమ్మా, తల కప్పుకోమన్నాం గానీ, మరీ ఇంత గట్టిగానా?"

అందరూ నవ్వారు. మగవాళ్ల వైపు మా నాన్న తల ఎత్తలేదు. నేను లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, మా నాన్న తల కోసం ప్రార్థన చెయ్యండి. మా మాస్టారి పిల్లల్ని చూసొచ్చానండి. నాకు భయంగా ఉంది," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

బయటికొచ్చాక నాన్న ట్యాంకు మీది హెల్మెట్ తీసి పెట్టుకుని, బెల్టు బిగించి, బండి స్టార్ట్ చేశాడు. "ఎక్కవే. పరువు ఎలాగూ పోయింది, తలన్నా మిగలనీ."

ఇప్పుడు నాన్న రిటైరై ఇంట్లోనే ఉన్నాడు. మొన్నొక రోజు పెరుగు ప్యాకెట్ కోసమని ఉత్త తలతో స్కూటీ తీశాను. గేటుకి అడ్డంగా నాన్న, లుంగీ, బనీను, తలమీద హెల్మెట్.

"సందు చివరికే కదా నాన్నా!"

"నువ్వు పెట్టుకునేదాకా నేనూ తియ్యను."

పక్కింటివాళ్లు వరండాలోకి వచ్చి చూస్తున్నారు. ఆ రోజుల్లో ఈయన్ని ఎంత సతాయించానో తలుచుకుని నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. లోపలికి వెళ్లి హెల్మెట్ తెచ్చుకున్నాను.