డెల్ఫీనో రాసిన కాగితం

రోజూ పొద్దున్నే ప్రయోగశాల ముందు కారు ఆపి, అందులోనే కూర్చుని మిరప కూరా గుడ్డూ పెట్టి చుట్టిన రొట్టె తినడం బెనీటా మాయెస్తాస్‌కు అలవాటు. తిన్నాక లోపలికి వెళ్లి చేతులు రెండుసార్లు కడుక్కునేది. మొదటిసారి తన కోసం, రెండోసారి సీసాల కోసం అనేది.

న్యూమెక్సికో ఉత్తరాన ఆ చిన్న ప్రయోగశాలలో పందొమ్మిదేళ్లుగా ఆమెకు ఒకటే పని. తాగి బండి నడిపారని పోలీసులు పట్టుకున్నవాళ్ల రక్తంలో మద్యం ఎంతుందో యంత్రంలో చూసి రాయడం. పక్క బల్ల డెల్ఫీనోది. ఒకరు పరీక్ష చేస్తే రెండోవారు కాగితాలు సరిచూసి పొట్టి సంతకం పెట్టేవారు. ఆ రెండోవారు రక్తం సీసాను మాత్రం ముట్టుకునేవారు కాదు.

మార్చిలో డెల్ఫీనో గుండె ఆగి చనిపోయాడు. అంతకుముందు ఏడాది వేసవిలో అతను రక్తం పరీక్షించిన ఒక కేసు సెప్టెంబరులో విచారణకు వచ్చింది. హార్లన్ అనేవాడు తాగి ట్రక్కుతో గుద్ది పదహారేళ్ల ఇసేలాను చంపిన కేసు. ఆ పిల్ల తల్లి ఒఫేలియా బడి వంటగదిలో పనిచేస్తుంది. బెనీటా వెళ్లే చర్చికే వస్తుంది.

ప్రభుత్వం తరఫున వాదించే క్లేటన్ బెనీటాను పిలిపించాడు.

"మీకేం కష్టం లేదు బెనీటా గారూ. ఆయన కాగితాలు మీరే కదా సరిచూశారు. వాడి రక్తంలో మద్యం ఎంతుందో ఆ అంకె మీ అభిప్రాయంగా చెప్పేయండి."

"నేను చూసింది కాగితాలయ్యా, రక్తం కాదు. సీసాలో మిగిలిన రక్తానికి అనుమతి ఇప్పించు, నేనే మళ్లీ పరీక్ష చేస్తా."

క్లేటన్ ఒక జాబితా ఆమె ముందుకు తోశాడు. ఏడాది దాటిన సీసాలను పారేయడం ప్రయోగశాలలో ఆనవాయితీ. ఉంచమని క్లేటన్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే తప్ప ఉంచరు. ఈ సీసాకు ఉత్తరం రాలేదు, మిగతావాటితో పాటు పారేశారు. జాబితాలో పేర్లుండవు, సీసాల నంబర్లే. అరవై వరుసల కింద సంతకం బెనీటాది.

"ఉత్తరం రాయాల్సింది మీరు."

"పారేయమని సంతకం పెట్టింది మీరు."

కోర్టు వరండాలో ఒఫేలియా ఆమె చేతులు పట్టుకుంది. "నువ్వొచ్చావుగా అక్కా, ఇంక నాకు భయం లేదు. ఆ అంకె చెప్పు, చాలు."

తీర్పు చెప్పాల్సిన జ్యూరీని బయటికి పంపి జడ్జి ముందుగా బెనీటా మాటలు విన్నాడు. హార్లన్ లాయరు మోజెల్ నింపాదిగా లేచింది.

"సీసా సీలు విప్పడం మీరు చూశారా?"

"లేదు."

"యంత్రంలో పెట్టిందెవరు?"

"డెల్ఫీనో."

"ఆయన రాసుకున్నది తప్పయితే మీ అభిప్రాయం ఏమవుతుందమ్మా?"

పందొమ్మిదేళ్లలో డెల్ఫీనో కాగితాల్లో ఆమెకు రెండే తప్పులు దొరికాయి. ఆ అంకె నిజమేనని ఆమె మనసుకు తెలుసు. ఒఫేలియా వైపు ఒకసారి చూసింది.

"అదీ తప్పే అవుతుంది."

"అంటే ఇక్కడ సాక్ష్యం చెబుతున్నది ఆయన. ఆయన్ని నేనెలా ప్రశ్నించను?"

జడ్జి కళ్లద్దాలు తీశాడు. విచారణ కోసం రాసిన ఈ రిపోర్టు ఒక సాక్షి మాటే అన్నాడు. ఆ సాక్షిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించే హక్కు ముద్దాయికి ఉంది, ఆ అవకాశం ఎన్నడూ రాలేదు. కాబట్టి అంకె జ్యూరీ దాకా వెళ్లదు.

అంకె లేకపోయేసరికి పెద్ద నేరం నిలవలేదు. అజాగ్రత్తగా నడిపినందుకు హార్లన్‌కు తొంభై రోజుల జైలు పడింది.

మెట్ల దగ్గర ఒఫేలియా అడిగింది: "డెల్ఫీనో అబద్ధం రాశాడా?"

"లేదు."

"మరి ఆ మాట చెప్పలేకపోయావా?"

"నేను చూడలేదు, ఒఫేలియా."

"నా బిడ్డ రక్తం రోడ్డు మీద ఊరంతా చూసింది. వాడి రక్తం చూసినవాళ్లే లేకపోయారు." ఈసారి అక్కా అనలేదు.

బెనీటా ఇప్పుడు పక్క పట్టణంలో బావుల నీళ్లు పరీక్షిస్తోంది. ఆదివారాలు నలభై మైళ్ల అవతల ఉన్న వేరే చర్చికి వెళుతుంది.