ఆయప్ప గీసిన బిడ్డ

బ్రూస్‌పేటలో బోర్డులు రాసేవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. నేనొకణ్ణి. రెండోవాడు మా వీధి చివర కాపురం. నేను అంగడి బోర్డు మీద మిరపకాయలు వేస్తే దారిన పోయేవాళ్లకు తుమ్ములొచ్చేవి. నమ్మకపోతే మానండి. అయినా కాన్పుల ఆస్పత్రి నర్సమ్మకు, గర్భిణులకు చూపించడానికి కడుపులో బిడ్డ పటం కావలసి వస్తే నన్ను కాదని వాణ్ణి పిలిచింది. తన లావుపాటి పుస్తకం చూపించి, పెద్ద గుడ్డ మీద రెండు బొమ్మలు వేయించుకుంది: ఒకదాంట్లో బిడ్డ తలకిందులుగా, రెండోదాంట్లో కూర్చుని.

అప్పుడు నా భార్యకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. బిడ్డ తల పైకి ఉందని, ఇంట్లో కాన్పయితే ఇద్దరికీ ప్రమాదమని నర్సమ్మ చెప్పింది. ఆస్పత్రికి పోతే కడుపు కోస్తారని నా భార్య భయం. నేనూ నచ్చజెప్పి చూశాను. నా మాటల్లో ఏది నిజమో తేల్చుకోవడం ఆమెకు ఎప్పుడూ కష్టమే.

ఒకరోజు నర్సమ్మ ఆమెను ఆ పటం ముందు నిలబెట్టి అంతా చూపించింది. నా భార్య ఇంటికొచ్చి నాతో అంది: “మన బిడ్డ కూసోనుండాదంట. ఎంత తేటగా గీసినాడో ఆయప్ప. నన్ను ఆస్పత్రికే తోల్కపో.”

గుండెల మీద బరువు దిగింది. మరుక్షణమే, ఆయప్పంటే ఆ రెండోవాడేగా అని ఒళ్లు మండింది. నా బోర్డులు ఒక్కనాడైనా తేటగా ఉన్నాయన్నది కాదు.

పట్టుదలకు పోయి నేనూ ఒక పటం వేశాను. బిడ్డకు గులాబి బుగ్గలు, కాటుక కళ్లు, చెవులకు పోగులు, మొలకు వెండి తాడు. నర్సమ్మ నిదానంగా చూసింది.

“ఏమప్పా, కడుపులోకి కంసాలి ఎట్ల పోయినాడు?”

వరండాలో కూర్చున్న గర్భిణులంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

నొప్పులు రాగానే జట్కాలో ఆస్పత్రికి తీసుకుపోయాను. తల కాకుండా బిడ్డ కాళ్లే ముందు వచ్చాయి. డాక్టరమ్మ చాలాసేపు కష్టపడి ఇద్దర్నీ దక్కించింది. నేను లోపలికి వెళ్లేసరికి నా భార్య నీరసంగా నవ్వి, అచ్చం ఆ పటంలో మాదిరే ఉండాది అంది. ముక్కు నాదేనని చెప్పాను.

మర్నాడు ఆ పటం గీసినవాడు చూడటానికొచ్చాడు. నా భార్య వాణ్ణి అన్నా అని పిలిచి, నీ పటం చూడకపోతే ఇంట్లోనే ఉండిపోయేదాన్ని అని చెప్పింది. వాడు సిగ్గుపడి, బిడ్డను ఎత్తుకోవచ్చా అని నన్నడిగాడు. చేతులకు రంగుంది, కడుక్కొని రమ్మన్నాను. కడుక్కొని వచ్చాడు. ఈలోగా బిడ్డను నా భుజానికి ఎత్తుకున్నాను.

“ఇప్పుడే నిద్రపోయిందప్పా, లేపొద్దు” అన్నాను.

బిడ్డ నా భుజం మీదినుంచి కళ్లు విప్పార్చుకుని వాణ్ణే చూస్తోంది.