బావ కొన్న బైనాక్యులర్స్

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులో చేపముల్లులా ఉంది. అక్కకు చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా బావ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల ఇంజనీరు. చవకలో మంచి వస్తువు ఏరడంలో ఆయన తర్వాతే ఎవరైనా. టైర్లు కొనాలన్నా టీవీ కొనాలన్నా అక్కడి తెలుగువాళ్లు ముందు ఆయనకే ఫోన్ చేసేవారు. ఆఫీసువాళ్లతో కలిసి జింకల వేట మొదలుపెట్టాక, బైనాక్యులర్స్ కోసం వేసవంతా కొట్లు తిరిగాడు. చీకటి పడే వేళ పార్కింగ్‌లో నిలబడి దూరపు బోర్డులు చదివి పరీక్షించేవాడు. మరీ పెద్దగా చూపించేవి చేతిలో వణుకుతాయని, ఎనిమిది రెట్లు చాలని తేల్చాడు. చివరికి చవకలో కొన్న జత నిజంగా బంగారం.

నవంబరులో వేటకు నన్నూ తీసుకెళ్లాడు. జింక పడ్డాక తను పొట్ట కోసి పేగులు తీస్తుంటే నేను కాళ్లు పట్టుకోవాలని దారిలో చెప్పాడు.

పొద్దున్నే మంచులో కూర్చున్నాం. బైనాక్యులర్స్ నా చేతిలో. చెట్ల మధ్య నుంచి జింక వచ్చింది. కొమ్ములు, ముక్కు మీది తడి, అన్నీ కనిపించాయి.

"ఏవన్నా కనపడతందేంట్రా?" అన్నాడు బావ.

"ఏం లేదు బావా. అంతా మసక. ఇవి బాలేవు."

ఆయన చెయ్యి చాచాడు. ఇచ్చేముందు ఫోకస్ చక్రాన్ని చివరిదాకా తిప్పేశాను. ఆయన సరిచేసుకునేలోపు జింక వెళ్లిపోయింది.

జాలా? ప్రతి ఆదివారం మేకమాంసం కోసం కొట్లో వరుసలో నిలబడేవాడికి జాలేమిటి? కాదు. ఆ కాళ్లు పట్టుకోవాలంటే భయం. చెబితే బావ నవ్వేసి ఊరుకునేవాడు. మరెందుకు చెప్పలేదు?

బావ మళ్లీ పరీక్షించకుండా, నా మాటే నమ్మి ఆ జతను కొట్లో తిరిగిచ్చేసి వచ్చి, "నా లెక్క తప్పిందిరా" అన్నాడు. అంతే. తన ఎంపికను తాను నమ్మడం మానేశాడు. ఏది కొన్నా అన్నిటికన్నా ఖరీదైనదే. అక్క మురిసిపోయింది. ఎవరైనా సలహా అడిగితే మా బామ్మర్దిని అడగండి, వాడికి తెలుసు అంటాడు. నాకేమీ తెలియదు. అయినా గంభీరంగా చెబుతాను.

మొన్న మేనకోడలికి కారు కొనడానికి వెళ్లాం. బావ ఒక పాత కారు చుట్టూ తిరిగి, వంగి టైర్లు చూసి, ఏదో అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. అప్పుడైనా చెప్పాల్సింది. కొత్తదే మంచిది బావా అన్నాను.

బావా, ఆ రోజు నాకు స్పష్టంగా కనిపించింది. ఇక్కడ రాయడం ఎంత సులువుగా ఉందో.